నిమిషానికి తొంభై ఆరు

లోపల 1,142వ రోజు

వచ్చిన గడియారాలు: 38. ఉబ్బినవి: లేవు. ఏడ్చినవారు: ఒక్కరు. కారణం బ్యాటరీ కాదు, మధ్యాహ్నం పెట్టిన పుట్టగొడుగుల పులుసు.

ఈ పుస్తకంలో ఐదు గడులున్నాయి. పేరు, ఛార్జి, ఆరోగ్యం, లోపం, చేసిన మార్పు. పక్కనున్న ఖాళీ జాగాలో ఏమీ రాయకూడదని నియమం. కానీ ఈ గనిలో బీటెక్ పూర్తి చేసిన ఆఖరి మనిషిని నేను. చదివింది ఉపగ్రహ సమాచార వ్యవస్థలు. నెత్తి మీద మూడు వందల అడుగుల మట్టి, ఆ మట్టి మీద యాభై నాలుగు డిగ్రీల ఎండ. ఉపగ్రహాలు ఇంకా తిరుగుతున్నాయో లేదో కనుక్కోవాలన్నా ముందు పైకి పోవాలి. ఇంత చదువుకు ఆ కొద్దిపాటి ఖాళీ జాగా కూడా ఇవ్వకపోతే ఎట్లా?

కాబట్టి నేను ల్యాంప్ రూమ్‌లో కూర్చుంటాను. ఒకప్పుడు బొగ్గు తవ్వేవాళ్లు డ్యూటీ దిగగానే నెత్తి దీపాలు తెచ్చి ఈ గూళ్లలోనే ఛార్జింగుకు పెట్టేవారట. ఇప్పుడు బొగ్గు జోలికి ఎవరూ పోరు. గూళ్లలో మణికట్టు గడియారాలు పడుకుంటున్నాయి. గడియారం చేతికి లేకపోతే గాలి తలుపు తెరుచుకోదు, మనిషి ఏ లెవెల్లో ఉన్నాడో ఎవరికీ తెలియదు. కొత్త గడియారాలు తయారు చేసేవాళ్లు లేరు. అందుకని ఉన్నవాటికి నేను వైద్యుణ్ణి. అసలు వైద్యుడి గడియారం ఆరోగ్యం నలభై ఒకటి. ఆయన నా పేషెంటు.

మధ్యాహ్నం స్వరూపక్క వచ్చింది. మూడో లెవెల్ నీళ్ల పంపు ఆమె చేతిలో ఉంది. అది ఒక పూట ఆగితే మేమందరం ఈత నేర్చుకోవాలి. ఆమె భర్త ఓదెలన్న, ఉత్తరాన ఇంకో గనిలో మనుషులున్నారన్న కబురు పట్టుకుని, పద్నాలుగు నెలల కింద ఐదుగురిని వెంటేసుకుని పైకి వెళ్లాడు. ఆ ఐదుగురి గడియారాలు రెండు నెలల్లోపే ఒక్కటొక్కటిగా మూగబోయాయి. ఓదెలన్నది మాత్రం గుట్ట మీది టవర్ గుండా ఇప్పటికీ పలుకుతోంది. వాళ్లవి జత కట్టిన గడియారాలు. అతని నాడి ఎట్లా కొట్టుకుంటే ఆమె మణికట్టు మీద అట్లా తడుతుంది.

"ఛార్జి నూరు. ఆరోగ్యం డెబ్బై ఒకటి," అన్నాను, వీలైనంత బరువైన గొంతుతో.

"నూరున్నది గద తమ్మీ, ఇంకేం రోగం?"

"కుండల నీళ్లు నిండుగున్నయక్కా. కుండనే సగమైతాంది. గోడ మీద ఇంత లావు రాసి పెట్టిన, సూసినవా? ఇరవై కిందికి పోనియ్యద్దు, ఎనభై దాటనియ్యద్దు. నువ్వు దినాం నూరు దాకా తాపుతాన్నవ్. బ్యాటరీ కడుపుబ్బి సస్తది."

ఆమె గడియారాన్ని కొంగుతో తుడిచింది. తుడవాల్సింది ఏమీ లేదు దాని మీద.

"నిండుగుంటే ఆయనది జర గట్టిగ తెలుస్తదేమోనని," అంది.

బ్యాటరీ పాఠం అక్కడితో ఆపేశాను. ల్యాంప్ రూమ్ చరిత్రలో ఇది నమోదు చేయదగ్గ సంఘటన.

పోతూ పోతూ తలుపు దగ్గర ఆగింది. "ఒక్క మాట చెప్పు. సదువుకున్నోనివి. ఆయన నాడి నిమిషానికి తొంభై ఆరు కొట్టుకుంటాంది. పొద్దుగాల లెక్కవెట్టినా అంతే, పంపు కాడ లెక్కవెట్టినా అంతే. ఇంట్ల ఉన్ననాడు డెబ్బై దాటకపోయేది. పద్నాలుగు నెలలసంది ఉరుకుతనే ఉన్నడా? దేనికి భయపడ్తాండు తమ్మీ?"

"భయం కాదక్కా, దూరంనుంచి వచ్చే సిగ్నల్ అట్లనే ఉంటది."

సిగ్నళ్ల గురించి ఈ గనిలో నాకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. నాకు తెలిసింది కూడా పెద్దగా లేదు. కానీ బీటెక్ గొంతుతో చెప్పాను. నమ్మింది.

లోపల 1,145వ రోజు

పొద్దున హాజరు. ల్యాంప్ రూమ్ గడప మీద నిలబడి మొండయ్య కాక పేర్లు పిలుస్తాడు. పాతకాలపు ఓవర్‌మాన్, అంటే ఒకప్పుడు షిఫ్టు మొత్తానికి పెద్ద. డెబ్బై ఏళ్లు దాటినా గొంతులో ఇంకా సైరన్ ఉంది. పేరు వినపడ్డవాళ్లు "ఉన్న" అనాలి. పైకి పోయినవాళ్ల పేరు వస్తే జత గడియారం కట్టుకున్నవాళ్లు మణికట్టు పట్టి చూసుకుని బదులు చెప్పాలి. నలభై రోజులు బదులు రాకపోతే పేరు కొట్టేస్తారు. ఆ రోజు ఇంటివాళ్ల లెవెల్లో పొయ్యి వెలగదు.

"ఓదెలు!"

స్వరూపక్క మణికట్టు పట్టుకుంది. "ఉన్నడు!"

నాలుగు వందల ఇరవైకి పైగా పొద్దులు ఆ మాట విన్నాను. రోజూ అంతే గట్టిగా అంటుంది. పక్కనున్నవాళ్లు కొంచెం జరుగుతారు కూడా.

హాజరయ్యాక మొండయ్య కాక ప్రకటించాడు. మబ్బుల నెల వస్తోంది. ఎండ నలభై ఎనిమిదికి దిగుతుంది. ఓదెలును వెతకడానికి నలుగురు పోవాలి. మొదటి చెయ్యి స్వరూపక్కదే లేచింది. ఇంకో మూడు చేతులు లేవడానికి ఎక్కువసేపు పట్టలేదు. బతికి ఉన్న మనిషి కోసం పోవడానికి ఇక్కడ ఎవరూ వెనకాడరు.

"ఓ డాక్టర్ సాబ్!" కాక నా వైపు తిరిగాడు. "నలుగురి గడియారాలు సూసి చీటీ రాసియ్యి. డెబ్బైకి తక్కువుంటే గేటు దాటనియ్య."

"మనిషి ఆరోగ్యం ఎంతుండాలె కాకా?"

"అది నన్నడుగకు. నాదే ముప్పై ఉంటది."

లోపల 1,151వ రోజు

స్వరూపక్క గడియారం. ఛార్జి 80 (మాట విన్నది). ఆరోగ్యం 68. లోపం: వెనక మూత అంచు వెంట్రుక మందం లేచింది.

వేలితో మూడుసార్లు తడిమి చూశాను. మూడుసార్లూ లేచే ఉంది.

బొగ్గుగనిలో ఉబ్బిన బ్యాటరీ అంటే ఏమిటో ఇక్కడ చంటిపిల్లకు కూడా తెలుసు. ఒక్క నిప్పురవ్వ చాలు. ఉబ్బింది కనపడగానే బ్యాటరీ పీకి ఇసుక బకెట్‌లో పూడ్చాలి. నియమం మీద సంతకం పెట్టినవాణ్ణి నేనే.

"పీకితే ఏమైతది?" స్వరూపక్క అడిగింది.

"జత పోతదక్కా. కరెంటు ఒక్క చిటికెసేపు పోయినా అవతలి గడియారాన్ని మర్చిపోతది. మల్ల కట్టాలంటే రెండూ పక్కపక్కన వెట్టాలె."

"పక్కపక్కన వెట్టెటందుకే గద నేను పోతాంది!" మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "ఇది మూగవోతే ఏ జాడ వట్టుకొని పోవాలె? రేపొద్దుగాల కాక పేరు విలిస్తే ఏమనాలె?"

మూడు రోజులు గడువిచ్చాను. నియమాల్లో గడువు అన్న మాటే లేదు. ఆ మూడు రోజులూ గడియారం రాతి గూట్లో, ఇసుక మధ్యలో, నా కళ్లెదుట ఉండాలి. పొద్దున హాజరుకు మాత్రం వచ్చి చెయ్యి పెట్టి చూసుకుంటుంది.

లోపల 1,152వ రోజు

చచ్చిపోయినవాళ్ల గడియారాల సొరుగు వెతికాను. దొరికినవి: 52, 47, 39, ఇంకొకటి ఎలుక కొరికింది.

గనిలో డెబ్బై దాటిన బ్యాటరీ, ఎవరి మణికట్టుకూ లేనిది, ఒక్కటీ లేదు. మణికట్టుకు ఉన్నవాటిలో అన్నిటికన్నా ఆరోగ్యమైనది తొంభై మూడు. మూడేళ్లుగా ఎనభై దాటనివ్వకుండా, ఇరవైకి జారనివ్వకుండా, పంపుగది వేడికి దూరంగా, తడిగుడ్డ పక్కన పడుకోబెట్టి పెంచిన బ్యాటరీ అది. ఇంత గారాబం ఈ గనిలో ఏ బిడ్డకూ జరగలేదు. ప్రతి పండక్కీ నలుగురి ముందు పెట్టి దాని నంబరు చదివి వినిపించేవాణ్ణి. చప్పట్లు నేనే కొట్టేవాణ్ణి.

నా గడియారం. ఛార్జి 64. ఆరోగ్యం 93. లోపం: యజమాని. చేసిన మార్పు: రేపు చూద్దాం.

లోపల 1,153వ రోజు

ఆపరేషన్ విజయవంతం. ఆ ముక్క ముందే రాసి పెడుతున్నాను, తర్వాత రాసేదాన్ని బట్టి ఎవరూ అట్లా అనుకోరు కాబట్టి.

పద్ధతి ఇది. పాత బ్యాటరీ పీకక ముందే కొత్తదాని తీగలు పక్కన అతికించాలి. రెండూ కలిసి ఒక నిమిషం మోస్తాయి. అప్పుడు పాతదాన్ని కత్తిరించాలి. గడియారానికి తెలియకుండానే గుండె మారిపోతుంది. శబ్దం రాలేదు. పాతది ఇసుకలో పూడ్చాను. నా గడియారంలో సొరుగులోని యాభై రెండు పెట్టుకున్నాను.

జత కట్టిన గడియారాన్ని ఇట్లా బల్ల మీద, కేబుల్ తగిలించి, మూత తెరిచి ఎప్పుడూ చూడలేదు. చూడాల్సిన పని ఎప్పుడూ పడలేదు. సర్వీసు పేజీ తెరుచుకుంది. అందులో అవతలి గడియారం వివరాలు కూడా ఉంటాయని నాకు తెలియదు.

ఓదెలన్న గడియారం. ఆరోగ్యం 34. బ్యాటరీ సేవర్: ఆన్. నాడి: 96. నాడి చివరిసారి కొలిచింది: 718వ రోజు.

718వ రోజు వాళ్లు పైకి వెళ్లిన రోజు. స్థలం అన్నచోట ల్యాంప్ రూమ్ అని ఉంది.

లోపల 1,154వ రోజు

పొద్దున ఆమె వచ్చి మణికట్టుకు కట్టుకుంది. చీటీ రేపు రాస్తానన్నాను. హాజరులో మొండయ్య కాక పిలిచాడు. "ఉన్నడు!" అంది. నేను గూళ్ల వెనక గడియారాలు తుడుస్తున్నట్టు నటించాను.

తర్వాత పాత పుస్తకం తీశాను. 718వ రోజు పేజీ. రాత నాదే.

"ఓదెలు. ఛార్జి 80. ఆరోగ్యం 88. లోపం లేదు. చేసిన మార్పు: సేవర్ ఆన్ చేశాను, బ్యాటరీ రెండింతలు వస్తుంది. నాకు దండ వేయండి."

సేవర్‌లో నాడిని గంటకోసారి కొలుస్తుందని అనుకున్నాను. ఆ తర్వాత ఇక్కడ అందరికీ అదే పెట్టాను. ఎవరికీ ఏ తేడా రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది. సేవర్‌లో ఉన్న గడియారం ఛార్జింగు గూడు దగ్గరికి వస్తేనే కొత్తగా కొలుస్తుంది, లేకపోతే పాత లెక్కనే మళ్లీ మళ్లీ పంపుతుంది. మేమంతా రోజుకు నాలుగుసార్లు ఈ గడప దాటేవాళ్లం. పైన ల్యాంప్ రూమ్ లేదు.

మిగతా ఐదుగురూ తొందరలో నా దగ్గర ఆగలేదు. వాళ్ల గడియారాలు నిజమే చెప్పి ఆగిపోయాయి. నేను బాగుచేసింది ఒక్కటే పద్నాలుగు నెలలు అబద్ధమాడింది.

ఇంకా ఉంది. నిన్న చూసిన సర్వీసు పేజీలో ఓదెలన్న గడియారానికి ఛార్జి ఎక్కిన గీత కూడా ఉంది, రోజువారీగా. దాని ముఖం ఎండకు ఛార్జి ఎక్కుతుంది. మొదటి ఎనిమిది రోజులూ గీత గతుకులు గతుకులుగా ఉంది. నడక, నీడ, చెయ్యి ఊపడం, బండ సందున కూర్చోవడం, మళ్లీ నడక. తొమ్మిదో రోజు నుంచి పొద్దున లేస్తుంది, మధ్యాహ్నానికి ఎక్కుతుంది, సాయంత్రానికి వాలుతుంది. రోజూ అదే గీత, స్కేలు పెట్టి గీసినట్టు. మధ్యలో ఒక్క గతుకు లేదు. ఆ ఎండలో పొద్దంతా కదలకుండా ఉండగలిగే మనిషి ఎవరూ లేరు.

చీటీ రాసిచ్చి ఊరుకోవచ్చు. చేతిలో ఉన్న పని అదే: బ్యాటరీ ఆరోగ్యం 93, వెళ్లవచ్చు, సంతకం. నలుగురు వెళ్తారు. ఆ నలుగురిలో ఒకరైనా తిరిగొస్తారేమో.

ఈ రోజు జోకులు: లేవు. లోపం: సిబ్బంది.

లోపల 1,155వ రోజు

పంపు దగ్గరికే వెళ్లాను. మోటారు చప్పుడులో మాట వినపడదని, బహుశా అందుకే. ఆమె మోటారు ఆపలేదు కానీ నన్ను దూరంగా, అడ్డుపెట్టిన ఇనుప పలకల వెనక్కి తీసుకెళ్లింది.

"చీటీ తెచ్చినవా?"

"లేదక్కా."

చెప్పాను. సేవర్ సంగతి, గడప సంగతి, ఎవరు పెట్టారన్న సంగతి. ముందు అనుకున్న మంచి మాటలేవీ గుర్తు రాలేదు. గీతను కాగితం మీద దించి తెచ్చాను, అది చేతిలో పెట్టాను. ఆమె రోజంతా పంపు గీతలు చూసే మనిషి. నేను వివరించబోతే చెయ్యెత్తి ఆపింది. తొమ్మిదో రోజు దగ్గర వేలు ఆగింది. అక్కణ్ణుంచి కాగితం చివరిదాకా వేలు మెల్లగా జరుపుకుంటూ పోయింది.

"ఎనిమిదొద్దులు నడిసిండు," అంది.

"ఊఁ."

"పొద్దంత నీడ పడలేదు దీని మీద. సెయ్యికుంటే పడకపోవునా? ఏదన్న రాయిదో, మనిషిదో?"

"పడేది."

"పడ్డ వస్తువు గింత సక్కగ పడుతదా తమ్మీ? ముఖం పైకి వెట్టి, ఏ అడ్డం లేనికాడ?"

దాని గురించి నేను ఆలోచించలేదు. బీటెక్‌లో చెప్పలేదు.

"తీసి ఎండల వెట్టిండు," అంది. "ఛార్జి ఎక్కాలెనని. నాకు ఆగద్దని."

మోటారు ఏదో గొణిగింది. వెళ్లి ఒక చక్రం తిప్పి వచ్చింది. వచ్చేసరికి ముఖం అట్లాగే ఉంది, కొంగు తడిగా ఉంది. పంపు దగ్గర అందరి కొంగులూ తడిగానే ఉంటాయి.

"మరి తొంభై ఆరెందుకు? నీ గదిల కూసున్నప్పటిదే అంటివి గద. నీ దగ్గర ఏం భయముండె ఆయనకు?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. దానికి జవాబు నాకు మాత్రమే తెలుసు. ఇన్ని నెలలు ఎందుకు గుర్తు రాలేదో తెలియదు.

"భయం కాదక్కా. నవ్వుతుండె."

ఆమె నన్ను చూసింది.

"నేనొక మాటన్న. 'ఓదెలన్నా, పైన ఎండకు పడిపోతే నువ్వెట్ల పడ్డా ఫర్వాలేదు గని సెయ్యి మాత్రం నీడల వెట్టు. మనుషులు మల్ల పుడ్తరు, గసోంటి బ్యాటరీ మల్ల దొరకది' అన్న. బల్ల మీద కొట్టుకుంట నవ్విండు. దగ్గు వచ్చేదాకా నవ్విండు. గప్పుడే గడియారం కొలుసుకున్నది."

ఆమె గీత ఉన్న కాగితాన్ని మడిచింది.

"గిదేనా?" అంది చివరికి. "గీ మాటకేనా?"

"గిదే."

"గిందుల నవ్వెటందుకు ఏమున్నదిరా?"

"ఏం లేదక్కా."

"ఆయనంతే. ఎవడేమన్నా నవ్వుతడు." మణికట్టు మీద రెండో చెయ్యి వేసుకుంది. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. నిమిషమంతా లెక్కపెట్టింది. "నేను పద్నాలుగు నెలలు ఉరుకుతాండనుకున్న. నిద్రల లేసి ఎటు ఉరుకుతాండో అని సూసుకున్న."

తర్వాత, నా వైపు చూడకుండానే, "నీ మాట ఇనలె సూసినవా. ఎండలనే వెట్టిండు," అంది.

ఆ సాయంత్రం మొండయ్య కాకకు కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. పుస్తకం అడిగాడు, నా రాత చదివాడు, "దండ ఎయ్యుమన్నవు గదరా," అని మూసి ఇచ్చాడు. తిట్టినా బాగుండేది. నలుగురి ప్రయాణం రద్దయింది.

లోపల 1,156వ రోజు

హాజరు.

"ఓదెలు!"

ఆమె మణికట్టు పట్టుకోలేదు. చేతులు కిందికి వదిలి నిలబడింది. అందరూ ఆమె పక్కనుంచి ఎప్పట్లాగే కొంచెం జరిగారు, ఆ గట్టి మాట వస్తుందని. రాలేదు. కాక నలభై రోజులు ఆగుతాడేమోనని చూశాను. ఆగలేదు. ఆమె తలూపింది, ఆయన గీత గీశాడు.

మూడో లెవెల్లో పొయ్యి వెలగలేదు. పంపు మాత్రం ఆగలేదు.

గనిలో అన్ని గడియారాల సేవర్ తీసేశాను. 212. రోజంతా పట్టింది. ఛార్జి ఇప్పుడు సగం రోజే వస్తోందని అందరూ తిడుతున్నారు. తిట్టనీ.

లోపల 1,160వ రోజు

స్వరూపక్క గడియారం ఛార్జింగుకు తెచ్చింది. జత తీసేయమంటుందేమోనని పనిముట్లు దగ్గర పెట్టుకున్నాను.

"ఉండనియ్," అంది. "పేరు కొట్టేసిన్రు గని నవ్వు కొట్టెయ్యలేదు గద."

"అవతలి గడియారం ఆరోగ్యం ముప్పై మూడక్కా. ఎండ దాన్ని తింటాంది. ఎక్కువ రోజులు రాదు."

"తెలుసు. ఎనభై దాకనే వెట్టు. నూరొద్దు."

లోపల 1,179వ రోజు

వచ్చిన గడియారాలు: 44. ఉబ్బినవి: 1 (అసలు వైద్యుడిది, ఎట్టకేలకు). ఏడ్చినవారు: లెక్కపెట్టలేదు.

మధ్యాహ్నం స్వరూపక్క వచ్చింది. ఇంకా ఛార్జింగు వేళ కాలేదు. చెయ్యి చాపి బల్ల మీద పెట్టింది, నాడి చూపించుకునేవాళ్లు పెట్టినట్టు. నేను ఆ మణికట్టు మీద వేళ్లు ఆనించాను. గడియారం కింద ఆమె నాడి కొట్టుకుంటోంది. గడియారం మాత్రం తట్టడం లేదు.

"పొద్దుగాల పంపు కాడ ఉన్నప్పుడు," అంది. "నవ్వాపిండు తమ్మీ."

కేబుల్ పెట్టి చూశాను. చూడాల్సింది లేకపోయినా చూశాను. అవతలి గడియారం పేరున్నచోట ఖాళీ ఉంది. ఇద్దరం ఆ ఖాళీని చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆమె లేచి, గడియారాన్ని తనే గూట్లో పెట్టి, తీగ తగిలించి, పంపు దగ్గరికి వెళ్లిపోయింది.

స్వరూప. ఛార్జి 41. ఆరోగ్యం 93. లోపం లేదు. చేసిన మార్పు: ఏమీ చేయలేదు. ఎనభై దగ్గర ఆపాను.